పుస్తకం విప్పితే పడని పుంజు

మా ఏలూరులో కోళ్ళు పెంచాలనుకున్నవాళ్ళు కోడిని చూసి కొంటారు. నేను పుస్తకం చూసి కొన్నాను. పదో తరగతితో చదువు ఆపేసి మోటారు సైకిళ్ళ విడిభాగాల దుకాణంలో కూర్చున్నవాణ్ణి. ఆ తరువాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. తేనెటీగల గురించి, తోకచుక్కల గురించి, పాతకాలపు ఓడల గురించి నాకు తెలిసినంత మా వీధిలో ఎవరికీ తెలియదు. అడిగేవాళ్ళు లేరన్నది వేరే సంగతి.

కోళ్ళ విషయంలో మా ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆవిడ టీచరు. ఆదివారం సాయంత్రం మా పెరట్లో మామిడి చెట్టు కింద వీధి పిల్లలను కూర్చోబెట్టి సండే స్కూలు నడుపుతుంది.

“ఏవండీ, ఒక్క పిల్లని పొడిచినా సరే, ఆ కోడి మా తమ్ముడింటికి వెళ్ళిపోతుంది. అక్కడికెళ్ళిన కోడి ఏమవుతుందో మీకు తెలుసు” అంది.

తెలుసు. మా బావమరిదికి కొల్లేటి అంచున చేపల చెరువులున్నాయి. గట్టు మీద పందెం జాతి పుంజులను పెంచుతాడు. పోరాడని కోడికి అతని దగ్గర ఒక్కటే ఉద్యోగం, అది వంటింట్లో.

సంగతి తెలిసి అతనే రెండు పుంజులు ఊరికే ఇస్తానన్నాడు. వద్దన్నాను. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు కారణాలన్నీ వివరించాను. పందెం జాతికి పోట్లాట రక్తంలోనే ఉంటుంది. తేలికపాటి ఒళ్ళున్న జాతులు చీటికీ మాటికీ బెదురుతాయి. కొన్ని పెట్టలు పొదుగుకు కూర్చుంటే లేవడం మరిచిపోతాయి. బరువైన జాతులు నెమ్మదిగా ఉంటాయి, పిల్లలు నిమిరినా ఊరుకుంటాయి. అతను చేపల పులుసు కలుపుకుంటూ అంతా శ్రద్ధగా విన్నాడు.

“బావగారూ, మీరు కోడిని కొంటున్నారా, సంబంధం చూస్తున్నారా? గుణం అడిగారు, ఒళ్ళు అడిగారు, వంశం అడిగారు. ఓ మాట పాస్టరుగారి చెవిన కూడా వేద్దామండీ” అన్నాడు.

మా ఆవిడ వడ్డన ఆపి మరీ నవ్వింది.

నేను ఎంచుకున్నది బ్రహ్మ జాతి. తాడేపల్లిగూడెంలో డాబా మీద రకరకాల కోళ్ళు పెంచే ఒకాయన దగ్గర ఒక పుంజును, మూడు పెట్టలను తీసుకుని, గంపలో పెట్టి పాసింజరు బండెక్కాను. బ్రహ్మ కోళ్ళకు కాళ్ళ నిండా, వేళ్ళ దాకా ఈకలుంటాయి. భీమడోలులో ఎక్కిన ఒక పెద్దావిడ గంపలోకి తొంగి చూసి, దానికి ప్యాంటు ఎవరు కుట్టారని అడిగింది. జాతి పేరు చెప్పాను. బ్రహ్మయితే నాలుగు తలలుండాలి కదండీ అంది. ఆ పేరు దేవుడిది కాదనీ, బ్రహ్మపుత్రా నది నుంచి వచ్చిందనీ, ఆ కథ ఎలా మొదలైందో కూడా ఆవిడకు ఏలూరు దాకా చెబుతూనే ఉన్నాను. ఆవిడ మాత్రం దిగేటప్పుడు వెళ్ళొస్తానని పుంజుకే చెప్పి దిగింది.

చలికాలమంతా పుస్తకం గెలిచింది. పుంజు గజరాజులా మెల్లగా నడిచేది. మా ఆవిడ అరచేతిలో మెతుకులు పెడితే ఒక్కొక్కటే ఏరుకుని తినేది. అయినా ఆవిడ తొందరపడకుండా, ఆదివారం సాయంత్రం వాటిని రేకుల గూట్లోనే ఉంచమంది. పిల్లలు వల సందుల్లోంచి వేలు పెట్టి దాని మెడ నిమిరేవారు.

ఒక పొద్దున నేను అలవాటు ప్రకారం పెరట్లో పచార్లు చేస్తూ చదువుకుంటున్నాను. వెనక నుంచి ఏదో ఎగిరి వచ్చి నా పిక్క మీద తన్నింది. చూస్తే పుంజు, మెడ ఈకలు గొడుగులా విప్పుకుని నిలబడి ఉంది. పొరపాటు పడి ఉంటుందనుకున్నాను. మర్నాడూ పొరపాటు పడింది. ఇంట్లో మరెవరి జోలికీ పోదు, పిల్లి పక్కన పడుకున్నా పట్టించుకోదు. పుస్తకం తప్పని ఒప్పుకోవడం ఇష్టంలేక నేను మందపాటి ప్యాంటు తొడుక్కుని పెరట్లోకి వెళ్ళడం మొదలుపెట్టాను.

ప్యాంటెందుకని మా ఆవిడ అడిగితే దోమలన్నాను. “కొల్లేటి దోమ కూడా అంత ఎత్తు ఎగిరి తన్నదండీ” అంది.

ఎండలు ముదిరాయి. రేకుల గూట్లో పుంజు నోరు తెరిచి రొప్పసాగింది. ఒంటి నిండా ఈకలున్న జాతిని మధ్యాహ్నం నుంచి పిల్లలు వెళ్ళేదాకా మూసి ఉంచితే ప్రాణం పోతుంది. ఇక వచ్చే ఆదివారం నుంచి పిల్లల మధ్య వదలాలి, లేదా బావమరిదికి పంపాలి. వదులుదామని మా ఆవిడే అంది. సాధువని పుస్తకంలో రాసి ఉందని గుర్తుచేసింది. నాకు పిక్క గుర్తుకొచ్చింది.

ఆ మర్నాడు ఆవిడ వెనక గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తూ నన్నే గమనించింది. పుంజు నా మీదికి రెండోసారి ఎగిరాక, పుస్తకం మూసి నడవమంది. మూసి నడిచాను. పుంజు పక్కకు తప్పుకుని దారిచ్చింది. విప్పమంది. విప్పాను. గాలికి రెండు వైపులా పేజీలు రెపరెపలాడాయి. మెడ ఈకలు లేచాయి.

“మీ బ్రహ్మ సాధువేనండీ. దాని పెట్టల ముందు రోజూ ఇంకో పుంజులా రెక్కలు విప్పి కొట్టేది మీరు” అంది.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. జాతి తప్పు కాదు, పుస్తకం తప్పు కాదు. ఆ సంతోషం ఆవిడ తరువాతి మాట దాకానే నిలిచింది. “ఆదివారం పిల్లలందరి చేతుల్లో పాటల పుస్తకాలుంటాయి కదండీ” అంది. ఈసారి నవ్వలేదు. మెతుకులు పెట్టిన చెయ్యి ఆవిడది, దాన్ని తమ్ముడింటికి పంపడం ఆవిడకూ ఇష్టం లేదు.

దీని గురించి గ్రంథాలయంలో వెతికాను, ఎక్కడా దొరకలేదు. చివరికి ఇంట్లోని పాత వారపత్రికలు తెచ్చి నేల మీద విప్పి, పేజీల మీద నూకలు చల్లాను. మొదటి పత్రికను పుంజు కాళ్ళతో చీల్చింది. రెండోదాన్ని తన్నబోయి నూకలు చూసి ఆగింది. రోజూ అదే పని. శనివారానికి, నేను పుస్తకం విప్పితే చాలు, ఈకలు అణుచుకుని పరుగెత్తుకొచ్చేది.

ఆదివారం పిల్లలు వరసగా కూర్చున్నారు. నేను వాళ్ళ వెనక గంప పట్టుకుని నిలబడ్డాను, అవసరమైతే మూసేద్దామని. మా ఆవిడ పాట నంబరు చెప్పింది. పుస్తకాలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి.

నీడలో పడుకున్న పుంజు లేచింది. ఒక క్షణం అటే చూసి పరుగు అందుకుంది. నేను గంపతో బయలుదేరేలోగా అది మొదటి వరసలోని చిన్నపిల్ల ముందు ఆగింది. ఆ పిల్ల ఒళ్ళో పుస్తకం విప్పి ఉంది. పుంజు తల పక్కకు వంచి పేజీని పరికించి, ఒక్క పోటు పొడిచింది. మళ్ళీ తలెత్తి, నూకలేవీ అన్నట్టు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. పాట ఆగిపోయింది. చిన్నపిల్ల కిలకిలా నవ్వి దాని మెడ నిమిరింది.

మా ఆవిడ వచ్చి పుస్తకం తీసుకుని చూసింది. పల్లవి మధ్యలో బెజ్జం పడింది. నా గంపను, పుంజును, నన్ను వరసగా చూసింది.

“పొడిచింది పాటని. షరతు పిల్లల గురించేగా” అంది. ఆ తరువాత పిల్లలందరూ వినేలా నాతో అంది, “ఇది కూడా అచ్చం మీలాగే తయారయిందండీ. పేజీ కనిపిస్తే చాలు, ముక్కు పెట్టేస్తుంది. గింజ దొరికిందా లేదా అన్నది తరువాత.”