మా చిన్ని గోడవైపు తిరిగింది

నిన్న నాకు జరిగిన అవమానం వినండి! నా బిడ్డతో నేను మాట్లాడితే తప్పట! ఎవరన్నా అంటారా ఈ మాట? అన్నరు. కాప్రాలో ఒక క్రెష్‌లో, నలుగురు తల్లుల ముందర అన్నరు.

సంగతేందంటే, మా ఆవిడ సునీత సోమవారం నుంచి మళ్లీ ఆఫీసుకి పోవాలె. ఇంక లీవ్ ఇయ్యనని మేనేజర్ తెగేసి చెప్పిండు. మా చిన్నికి తొమ్మిదో నెల. క్రెష్‌లో పద్ధతేందంటే, మొదట్లో అమ్మో నాన్నో పక్కన కూర్చోవాలె. బిడ్డ దేనికి నవ్వుతది, దేనికి ఏడుస్తది అని టీచర్ చూస్తది. బిడ్డ కుదురుకుంటేనే సీటు.

"జెర నోరు కట్టేసుకొని కూసో," అన్నది సునీత ముందే. "పాప ఈడ కుదురుకోకుంటే నా జాబ్ పోతది."

నాకు చెప్తదా! నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని. మాటల మీదనే బతుకుతున్న.

చాప మీద కూర్చొని, మోండా మార్కెట్‌లో కొన్న గిలక తీసి షురూ చేసిన. "చిన్నీ! ఇటు చూడమ్మా! ఇదేంది? గిలక!" చిన్ని పడీ పడీ నవ్వింది. సునీత దిక్కు గర్వంగ చూసిన. కాసేపటికి చిన్ని గోడవైపు తిరిగింది. మా లైన్‌లో కస్టమర్ మొహం తిప్పుకున్నడంటే అసలు పని అప్పుడే మొదలైతది! నేను గోడవైపు పోయిన. అది కిటికీవైపు తిరిగింది. నేనూ కిటికీవైపు పోయిన. అది కళ్లు మూసుకున్నది. గిలక చెవి దగ్గర ఊపిన. అంతే, ఒకటే కేక! దాన్ని చూసి పక్క పిల్లడు, వాణ్ణి చూసి ఉయ్యాలలో కవలలు... రూమంతా ఏడుపే!

మేరీ టీచర్ పరుగున వచ్చింది. "పాప మొహం తిప్పుకుందంటే కాస్త ఆగమంటోందండీ. మీరు ఊరుకుంటే తనే మళ్లీ మీవైపు చూస్తుంది."

ఆగాల్నా? కన్నతండ్రి ఆగాల్నా? నాకు ఒళ్లు మండింది. "పిల్లలతో బాగా మాట్లాడమని మీరే కదా మేడం చెప్పిన్రు!"

"మాట్లాడాలండీ. తను జవాబు చెప్పేదాకా ఆగాలి కూడా."

నేను ఊరుకుంటనా? తండ్రి ప్రేమంటే ఏందో అరటిపండు ఒలిచినట్టు చెప్పుడు మొదలుపెట్టిన. ఆమె న్యాప్‌కిన్లు మడతపెట్టుకుంటున్నది. నేను రెండో కొస పట్టుకొని చెప్పిన. ఆమె వంటగదిలోకి పోయింది. గుమ్మంలో నిలబడి చెప్పిన.

సునీత వచ్చి నా చెయ్యి గుంజింది. "కిందికి చూడు."

చిన్ని పాక్కుంటూ వచ్చి, నా ప్యాంటు పట్టుకొని నన్నే చూస్తున్నది! నేను టీచర్‌తో కొట్లాడుతున్నంతసేపు దాన్ని ఎవ్వరూ సతాయించలేదు మరి. "బా" అన్నది. "బా" అన్న నేను కూడా. ఆగిన. అది నవ్వి మళ్లీ "బా" అన్నది.

మేరీ టీచర్ అంతా చూసింది. "కుదురుకుంటుందండీ. సోమవారం నుంచి తీసుకురండి."

సునీత కళ్లల్లో నీళ్లు. నేను కాలరెగరేసేలోపే టీచర్ ఇంకో మాటన్నది. "సార్ మాత్రం గేటు దాకా వస్తే చాలండీ."

చూసిన్రా! బిడ్డకి సీటు, తండ్రికి గేటు! ఆ మంట ఆపుకోలేక బయట వాచ్‌మన్‌ని పట్టుకొని మొదటి నుంచి చెప్పుకొచ్చిన. పాపం, ఆయన రోడ్డువైపు తిరిగిండు.

నేనూ రోడ్డువైపు పోయిన.