రెండు నిమిషాలు ఆగలేని బావ

మా బావకు కుదురు లేదు. అన్నం తింటూనే చెప్పుల కోసం చూస్తాడు. గుట్ట మీది ఆసుపత్రి అంబులెన్సు నడిపేది ఆయన, దాన్ని బాగుచేసేది నేను. నా భార్యకు స్వయానా అన్న కాబట్టి ఆయన్ని తిట్టడానికి నాకు పూర్తి హక్కుంది.

గుట్టెక్కి వచ్చిన బండి చక్రాలు ఆగకముందే ఆయన చెయ్యి తాళం మీద ఉంటుంది. ఠక్కున ఆపేస్తాడు. షెడ్డులో నాకు ఒళ్ళు మండిపోతుంది. చదునుదారిలో మెల్లగా వచ్చిన బండిని వెంటనే ఆపితే కొంపేం మునగదు. గుట్టెక్కినప్పుడు అలా కాదు, ఇంజనులోకి గాలి తోసే టర్బో కాలిపోతూ ఉంటుంది. ఇంజను ఆగిందా, ఆయిలు కదలదు. ఉన్నచోటే మాడి నల్లగా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చే బేరింగును తినేస్తుంది.

"రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వు బావా, నీ సొమ్మేం పోయింది?" అనేవాణ్ణి.

"లోపల మనిషి ప్రాణం కొట్టుకుంటుంటే నీ ఇంజనుకు జోల పాడమంటావా?"

"ఎవరు పాడమన్నారు? దాని మానాన దాన్ని వదిలేసి నువ్వు స్ట్రెచరు దించుకో!"



రెండేళ్లలో రెండు టర్బోలు పోయాయి. మూడోది పోతే అంబులెన్సు మరిచిపొమ్మని, దుప్పట్లు మోసే బండికి పంపేస్తానని సూపరింటెండెంటు తేల్చేశాడు. ఆ రోజు బావ నా షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

"కూర్చో బాబూ, నాకు తల తిరుగుతోంది" అన్నాను. అప్పుడు నోరు విప్పాడు.

"కొత్తలో ఒక ముసలాయన్ని తెచ్చాను బావా. వెనక నర్సు కూడా లేదు. ఇంజను మోతలో ఆయన ఊపిరి ఎప్పుడు ఆగిందో నాకు తెలీనే లేదు. అప్పట్నుంచి బండి ఆగగానే చప్పుడు ఉండకూడదు నాకు. ఊపిరి వినపడాలి."

నాకు జాలేసింది. "అయినా సరే, రెండు నిమిషాలు" అన్నాను. నా మొండితనం నాది.

పాపం, ప్రయత్నించాడు. ఇంజను తిరుగుతున్నంతసేపూ బండి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం నా భార్యకు ఉబ్బసం ముదిరింది. బావే బండి తెచ్చాడు. వెనక ఆమె, నేను. గుట్ట సగంలో ఆమె దగ్గు ఆగిపోయింది, కళ్ళు మూతపడ్డాయి. పైకి చేరాం. బావ చెయ్యి తాళం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "రెండు నిమిషాలు, రెండు నిమిషాలు" అని గొణుక్కుంటున్నాడు.

ఆమె ఆక్సిజన్ మాస్కుకు చెవి ఆనించాను. ఇంజను మోత తప్ప ఏమీ లేదు.

"ఆపెయ్ బావా! ఇంజను ఆపెయ్! నాకేం వినపడట్లేదు!"

ఠక్కున ఆగింది. మాస్కులో సన్నటి గురగుర వినపడింది. బావ కూడా తల దూర్చి విన్నాడు. ఇద్దరం ఏడ్చేశాం.

ఆమె కోలుకుంది. టర్బో మాత్రం వారానికే పోయింది. సూపరింటెండెంటు బావను పిలిపిస్తే, ముందు నేనే లోపలికి వెళ్ళాను. ఒక్కసారి ఆపినంత మాత్రాన టర్బో పోదని నాకు తెలుసు, సూపరింటెండెంటుకు తెలియదు.

"గుట్టెక్కిన ఇంజనును ఆపించింది నేనేనండీ. పంపితే దుప్పట్ల బండికి నన్ను పంపండి" అన్నాను.