ఎవరూ అడగని సూది

నాకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలేసరికి, ధర్మవరంలో మా మగ్గం మీద చీర సగంలో ఉంది. "కడుపు పెద్దగా కోసేది లేదమ్మా, నాలుగు చిన్న గాట్లు పెట్టి తీసేస్తాం. మూడో రోజుకు ఇంటికి పోతావు" అన్నాడు అనంతపురంలో డాక్టరు. చిన్న గాట్లే కదా అని ధైర్యంగానే వెళ్లాను.

మెలకువ వచ్చాక తెలిసింది. బొడ్డు దగ్గరి గాటు నిప్పు పెట్టినట్టు మండింది. దగ్గు వస్తే ప్రాణం పోయేది. నర్సమ్మను పిలిస్తే, "ఆపరేషన్ అంటే నొప్పి ఉండదా? ఓర్చుకోవల్ల" అని వెళ్లిపోయింది.

పక్క మంచం మీద గుంతకల్లు నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి భార్య. ఆ రోజే ఆమెకూ అదే ఆపరేషన్ చేశారు. సాయంత్రానికే కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుని టీ తాగుతోంది.

"నీకు నొప్పి లేదాక్కా?" అన్నాను.

"ఉండాది, కొంచెమే. గాట్లు పెట్టిన చోట మొద్దుబారే మందు సూదితో ఏసినారంట. డాక్టరమ్మ ముందే చెప్పింది. నీకు ఏయలేదా?"

మర్నాడు మా డాక్టరు రాగానే అడిగాను.

"ఆమెకు ఆపరేషన్ చేసింది వేరే డాక్టరమ్మ. ఆ మేడంకు అది అలవాటు. నువ్వు అడిగింటే నేనూ ఏసేవాణ్ణి."

"అట్లాంటి మందు ఉండాదని నాకెట్ల తెలుస్తాది సార్?"

ఆయన అప్పటికే వేరే మంచం దగ్గరున్నాడు.

చీరకు ఏ అంచు కావాలో మేము అడిగి మరీ నేస్తాం. నా కడుపు గురించి నన్నెవరూ అడగలేదు. మూడు వారాలు మగ్గం ముందు కూర్చుని వంగలేకపోయాను.

మరుసటి ఏడు తాడిపత్రిలో ఉండే మా అక్కకూ అదే జబ్బు వచ్చింది. అదే డాక్టరు. ఆమె ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకముందే నేను అడ్డుపడ్డాను. "గాట్లకాడ మొద్దుబారే మందు ఏస్తారా, లేదా సార్?"

"దానిదేముందమ్మా, రెండు నిమిషాల పని" అని నవ్వాడు.

రెండు నిమిషాలు! ఏడవాలో అరవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం అక్క లేచి కూర్చుని ఇడ్లీ తింది. కడుపులోకి ఎక్కించిన గ్యాసు వల్ల మర్నాడు భుజం మాత్రం కాస్త లాగిందట. నాకు సంతోషమే. నేను జడ వేస్తుంటే ఆమె అంది కదా, "దీనికేనేమే, పోయినేడు అంత అరిచినావు? చిన్నప్పట్నుంచీ నీకు ఓర్పు లేదు."

దువ్వెన ఆమె ఒడిలో పడేసి బయటికి వచ్చేశాను.