పురుడెక్కడ పోసుకుంటవ్?

మిర్యాలగూడలో మేం కిరాయికున్న ఇంట్లోకి మిల్లుల బూడిద వచ్చేది. ఊక కాల్చిన నల్లటి బూడిద. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ అంతే. నాకు ఆరో నెల రాగానే మా ఆయన కిటికీలకు సన్నటి జాలీ పెట్టించాడు. పెళ్లాం కడుపుతో ఉంటే ఇంట్లో మేకు కొట్టకూడదని కింది వాటాలోని ఇంటామె పైకొచ్చి అరిచింది. చెక్కకు కొట్టింది గోడకు కొట్టినట్టు కాదని ఏదో సర్దిచెప్పాడు. లోపలి గదికి రంగు వేయించాం. మెత్తబడ్డ నూలు చీరలు ఉతికి బొంతలు కుట్టాను. అవి మా అమ్మ చీరలు. అమ్మ పోయి అప్పటికే రెండేళ్లు దాటింది.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలంటారు. నా పుట్టిల్లు కోదాడ దగ్గర చిలుకూరు. అక్కడిప్పుడు అన్నా వదినా ఉంటారు. ఏడో నెలలో అన్న ఫోన్ చేసి ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు, ఏదన్నా కావాలంటే చెప్పమన్నాడు. రమ్మని మాత్రం అనలేదు. పక్కన వదిన దగ్గడం కూడా వినబడింది. నాకు రోషం ఎక్కువ. అడుక్కుని పోయే పుట్టిల్లు నాకు అక్కర్లేదని, నా బిడ్డ మేం రంగు వేయించిన గదిలోకే వస్తుందని మా ఆయనతో తేల్చి చెప్పాను.

ఇంటామె మంచిదే. నోటికి పులుపు కావాలంటే చింతకాయ తొక్కు తెచ్చిపెట్టిన మనిషి. ఎనిమిదో నెలలో ఒకరోజు మాత్రం లోపలికి రాకుండా గడప బయటే నిలబడింది.

"చెల్లె, సూర్యాపేటల మా బిడ్డకు గూడ నెలలు నిండుతున్నయ్. కాన్పుకు గీడికే తోల్కొస్తున్న. ఒక్క ఇంట్ల రెండు పురుళ్లు పనికిరావు గదా. మీరు జర వేరే ఇల్లు సూస్కోండ్రి."

"మీరుండేది కింద, మేముండేది పైన గదక్కా."

"పునాది ఒక్కటే గదనే!"

కడుపుతో ఉన్న మనిషిని మెట్లు దింపి పంపడానికి పునాది దాకా తవ్విన ఆవిడకు ఏం జవాబు చెబుతాం? ఆ సాయంత్రమే ఇళ్లు వెతకడం మొదలుపెట్టాం. నేనూ వెంట పోవడం మా తెలివితక్కువతనం. టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే ఆడవాళ్లు నా మొహం కాదు, కడుపు చూసేవాళ్లు. కిరాయి మాట తర్వాత.

"పురుడెక్కడ పోసుకుంటవ్?"

"దవాఖానల."

"అది కాదు. పురుడు కడిగేదాంక యాడుంటవ్?"

ఇక్కడే అంటే అయిపోయింది. దేవుడి గది ఉన్న ఇల్లట, మైల పనికిరాదట. చావుకు మైల అంటే పోనీలే అనుకోవచ్చు, పుట్టబోయే పిల్లకు కూడా అదే మాట అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. అలా గేటు గేటుకూ తిరిగి చివరికి బస్టాండు అవతల ఒక ఇల్లు చూశాం. అక్కడి ఇంటామె కూడా అదే అడిగింది. కాళ్లు వాచి నిలబడలేకపోతున్నాను. మా ఆయన నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను.

"మా అమ్మగారింట్లో ఆంటీ. మా అమ్మే వచ్చి తీసుకుపోద్ది."

తాళంచెవి చేతికొచ్చింది.

ఇక అక్కణ్నుంచి మీ అమ్మ ఎప్పుడొస్తుందని కొత్త ఇంటామె కనబడ్డప్పుడల్లా అడిగేది. నాట్లు పడుతున్నాయన్నాను. కలుపు తీయిస్తోందన్నాను. మోకాళ్లు నొప్పులన్నాను. చచ్చిపోయిన మా అమ్మతో ఆ నెలంతా వ్యవసాయం చేయించాను. మా ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

పాప పుట్టింది. కొత్త ఇంట్లో కూడా కిటికీకి జాలీ పెట్టి, మంచం గాలి తగలని మూలకు జరిపి, బొంతలు మడిచి అన్నీ ముందే సిద్ధం చేసుకున్నాం. అయినా ఆ గదికి తాళం వేసి, ఇంటామెకు అమ్మగారింటికని చెప్పి, దవాఖాన నుంచి నేరుగా వాడపల్లిలో మా ఆడబిడ్డ ఇంటికి పోయాం. ఆమె ఏమీ అనలేదు. అయినా పరాయి ఇంట్లో బాలింతగా పడుకుని, కాసిన్ని వేడినీళ్లు కావాలన్నా మొహమాటపడుతూ అడిగాను. ఇరవయ్యొకటో రోజు పురుడు కడిగాక, మర్నాడే ఆటో కట్టించుకుని ఇంటికొచ్చాం.

ఇంటామె గేటు దగ్గరే దిష్టి తీసి, ఆటోలోకి తొంగి చూసింది. బాలింతను, బిడ్డను తల్లి వెంట వచ్చి దించిపోవడం ఆనవాయితీ.

"మీ అమ్మ రాలేదా?"

"లేదాంటీ."

"కడుపుతోని ఉన్నప్పుడు రాకపాయె. గింత పసిగుడ్డును దించిపోనీకి గూడ రాకపాయె. ఏం తల్లే అది! నిన్ను కన్నదేనా అసలు?"

మా ఆయన ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మా అమ్మే ఉంటే బాలింత కారం డబ్బా ఒళ్లో పెట్టుకుని దొరికిన బస్సెక్కి వచ్చేది, నన్ను ఒక్క గేటు ముందు కూడా నిలబడనిచ్చేది కాదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అమ్మ లేదని తెలిస్తే, అబద్ధమాడి ఇంట్లో దిగారని ఈవిడ ఆ పూటే సామాను బయట పెట్టిస్తుంది. పాప అప్పుడే కళ్లు తెరిచి ఏడుపు అందుకుంది.

"మా అమ్మ అంతే ఆంటీ" అన్నాను. "ఆమెకు మొదట్నుంచీ నేనంటే పట్టదు."

ఇంటామె అయ్యో పాపం అని గేటు రెండో రెక్క కూడా తీసింది.