పదింటికి వచ్చే వ్యాను, ఆరింటికి వెళ్ళే ఆటో

ఈ నెల వాడరేవు గురించి రాస్తానని మీకు మాటిచ్చాను. చీరాల బస్సు వేళలు, పడవలు ఒడ్డుకొచ్చే సమయం, చేపల పులుసు ఎక్కడ బాగుంటుందో అన్నీ రాసి పెట్టుకున్నాను కూడా. అవి ఇంకో నెల ఆగినా కొంప మునగదు. రెండు వారాల కిందట గురువారం మార్టూరు వైపు చేసిన ప్రయాణం గురించి రాయకపోతే మాత్రం నా కడుపుమంట చల్లారేలా లేదు.

మా పెద్దమ్మ కూతురు కోటేశ్వరి అక్కది మార్టూరుకు లోపలగా ఒక మిరప ఊరు. ఊరి పేరు రాయను, అక్క ఇల్లు వెతుక్కుంటూ ఎవరూ వెళ్ళడం నాకిష్టం లేదు. అరెకరం కౌలు, మిగతా రోజులు కూలి. ఈ ప్రయాణానికి నెల ముందు పత్తి కట్టె కొట్టేసిన చేలో నడుస్తుంటే మోడు పాదంలో దిగింది. పసుపు పెట్టింది, గుడ్డ కట్టింది, పనికి పోయింది. ఆ సంగతి నాకు ఫోనులో ఏవో కబుర్ల మధ్య చెప్పింది. "వేలు నల్లబడిందే పద్మా. నొప్పి మాత్రం లేదులే" అంది. ఆ నొప్పి లేదన్న మాటకే నాకు భయం పట్టుకుంది. మా పెద్దమ్మకు షుగరుతో కాలు తీసేసింది కూడా ఇలాంటి నొప్పి లేని పుండుకే.

అక్క ఊరికి ప్రతి గురువారం ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ వైద్య వ్యాను వస్తుందని నాకు తెలుసు. మూడు నెలలుగా వస్తోంది. షుగరు, బీపీ చూస్తారు, మందులిస్తారు, అవసరమైతే పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపుతారు. పైసా ఖర్చు లేదు. "ఊళ్ళోకొచ్చిన వైద్యం కూడా చేయించుకోలేవా? నీకసలు బుద్ధుందా?" అని అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క ఎదురు తిట్టలేదు. "నువ్వే వచ్చి చూడవే. ఆఫీసుల్లో మాట్లాడేదానివి, వచ్చి మాట్లాడు" అంది. సరే, చెయ్యి పట్టుకుని నేనే లాక్కెళ్తానని సెలవు పెట్టాను.

విజయవాడ బస్టాండులో ఐదున్నరకు ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మార్టూరులో ఆగుతుందో లేదో కండక్టరును ముందే అడగండి. నాకు టికెట్టు నూట డెబ్బై దాకా అయింది. చిలకలూరిపేట దాటేసరికి ఎండ చురుక్కుమంటోంది. రోడ్డుకు రెండు పక్కలా మిరప కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి, కిటికీ తెరిచిన వాళ్ళందరూ తుమ్ముతున్నారు. ఎనిమిదింటికి మార్టూరులో దిగాను. గ్రానైటు కోసే రంపాల రొద అప్పటికే మొదలైంది. టిఫిను బండి దగ్గర నాలుగిడ్లీ ముప్పై రూపాయలు, అల్లం పచ్చడి అడిగినంత వేస్తారు. ఇడ్లీ పెట్టినావిడ నేను వెళ్ళే ఊరి పేరు విని, "ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరుంటారమ్మా? కోతలు గదా!" అంది. ఆ మాట నా చెవికెక్కలేదు. నా మనసంతా అక్కను ఎలా తిట్టాలా అన్న దాని మీదే ఉంది.

అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో నలభై రూపాయలు, అరగంట ప్రయాణం. నడిపే ఆయన పేరు మస్తాను, యాభై ఏళ్ళుంటాయి, అదే ఊరివాడు. తెల్లవారి కూలీలను చేల దగ్గర దింపి, ఆ తర్వాత మార్టూరు వచ్చి ప్రయాణికులను ఎక్కించుకుంటాడట. తొమ్మిదిన్నరకు ఊళ్ళో దిగేసరికి పంచాయతీ మైకు అరుస్తోంది. ఉచిత వైద్య శిబిరం, అందరూ వచ్చి వినియోగించుకోవాలి అని. అందరూ అంటే ఎవరో నాకు కనిపించలేదు. వీధిలో ప్రతి తలుపుకూ తాళం. అక్క ఇంటికీ తాళమే.

వ్యాను పదింటికి వచ్చింది. తెల్లటి కొత్త బండి. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు, బ్యానరు కట్టారు. బ్యానరు మీద మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళు నవ్వుతున్నారు. కింద కుర్చీల్లో మాత్రం నలుగురు ముసలాళ్ళు, అంగన్‌వాడీ పిల్లలు. ఎనిమిది మంది విద్యార్థులు తెల్లకోట్లు వేసుకుని ఫోన్లు చూసుకుంటున్నారు.

కోఆర్డినేటరు దగ్గరికి వెళ్ళాను. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, ముప్పై ఏళ్ళ మనిషి. అక్క పేరు చెప్పి, ఆమెను చూడాలన్నాను. "వీళ్ళకి అవేర్‌నెస్ లేదండి మేడం. మైకులో చెప్పిస్తున్నాం, పాంప్లెట్లు పంచాం. అయినా రారు" అన్నాడు. ట్యాబ్‌లో అక్క పేరు తీసి చూపించాడు. పేరుకు ఎదురుగా నెలకొకటి చొప్పున మూడుసార్లు "నిరాకరించారు" అని ఉంది.

"ఆవిడ రానని మీతో చెప్పిందా?"

"ఇంటికెళ్ళామండి. తాళం వేసుంది."

"తాళం వేసుంటే నిరాకరించినట్టా?"

"యాప్‌లో రెండే ఆప్షన్లండి. హాజరయ్యారు, నిరాకరించారు. మూడోది లేదు."

ఆ మాట అతను ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చేలో ఎండకు మాడుతుంటే, ఇక్కడ వాళ్ళందరికీ ఆరోగ్యం అక్కర్లేదని లెక్క తయారవుతోంది. ఆ లెక్కే రేపు ఏ సదస్సులోనో తెర మీద చూపిస్తారు. జనంలో చైతన్యం లేదని పెద్దలందరూ తలలు ఊపుతారు, ఆ తర్వాత భోజనాలకు లేస్తారు.

నేను గొంతు పెంచేసరికి, పక్కనే ఆటో ఆపుకుని ఉన్న మస్తాను దిగి వచ్చాడు. "సార్, నేనొక మాట చెప్పనా? రోజూ తెల్లారి ఆరింటికి ఇక్కడే, ఈ ఆఫీసు ముందరే, నలభై మంది ఆడాళ్ళు క్యారేజీలు పట్టుకుని నిలబడతారు. ఆటోలు నిండేదాకా పావుగంట ఊరికే నిలబడతారు. మీరప్పుడొస్తే ఒక్కళ్ళని పిలవక్కర్లా. సాయంత్రం ఐదింటికి మళ్ళీ ఇక్కడే దింపుతాం."

"ఆరింటికి ఎలా అండీ? స్టూడెంట్స్ బస్సు హాస్టల్లో ఎనిమిదికి గానీ బయల్దేరదు. సాయంత్రం నాలుగుకల్లా తిరిగి అటెండెన్సు. టైమింగ్స్ పైన ఫిక్స్ చేశారు" అన్నాడు కోఆర్డినేటరు. పోనీ వ్యాను చేను దాకా తీసుకురండి, మూడు కిలోమీటర్లే అన్నాను. కుదరదట. బండి అనుమతించిన చోటే నిలబడాలట, ఎక్కడుందో పైన కనిపిస్తుందట. పైన ఉన్నవాళ్ళకు బండి కనిపిస్తుంది, మనిషే కనిపించదు.

వ్యాను మెట్ల మీద నిలబడి వింటున్న నర్సు సుజాత గారు అప్పుడు నోరు విప్పారు. "మీరెళ్ళి ఆవిణ్ణి తీసుకురండమ్మా. ఒంటిగంటకి కట్టేస్తారు. దాటినా సరే, నేను పెట్టె సర్దనివ్వను."

మస్తాను ఆటోలో నల్లరేగడి డొంక పట్టి చేనికి వెళ్ళాం. చీర మీద మగవాళ్ళ పాత చొక్కా, తలకు తువ్వాలు, కాలికి గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ కవరు. అలా ఉంది మా అక్క, మిరప సాలులో ఒంగుని కాయ కోస్తూ. పద అన్నాను. కూలీలను తెచ్చిన మేస్త్రి అడ్డం వచ్చాడు. "ఇరవై మందిని లెక్కగట్టి తెచ్చానమ్మా. మధ్యలో పోతే రేపట్నుంచి ఆమె చోటులో ఇంకో మనిషొస్తది. రైతుకి నేను జవాబు చెప్పుకోవాల" అన్నాడు. అక్క నా మొహం చూడలేదు. "ఈ సాలు తెగ్గోసి వస్తా, ఉండవే" అంది.

పక్క సాలులో ఉన్నావిడ లేచి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఒసే కోటేశ్వరీ, పోవే! నీ సాలు మేం పంచుకుంటాంలే." అక్కడ అదొక పద్ధతి. ఒకామెకు ఒంట్లో బాగోకపోతే ఇరుపక్కల వాళ్ళూ ఆమె సాలు కోసి, కాయ ఆమె గోతంలోనే పోస్తారు. సాయంత్రం తూకానికి ఆమె రోజు కూలి పోదు, చోటూ పోదు. మేస్త్రి అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. చూడనట్టు ఉండటం కూడా ఆ పద్ధతిలో భాగమేనట. ఏ విశ్వవిద్యాలయమూ నేర్పని సేవ అది. మాటల్లేకుండా అర నిమిషంలో అయిపోయింది.

పన్నెండూ నలభైకి వ్యాను దగ్గరికి చేరాం. సుజాత గారు వేలు గుచ్చి చూస్తే షుగరు నాలుగు వందల ఎనభై ఆరు. కట్టు విప్పితే ఒక వేలు పూర్తిగా నల్లబడింది, పక్క వేలికి రంగు మారుతోంది, అరికాలి దాకా చీము. ఆ క్షణంలో కోఆర్డినేటరు ఫోను తీసి కాలికేసి పట్టాడు.

"ప్రెజెంటేషన్‌కి మేడం, మొహం రానివ్వను" అన్నాడు. నేను అతని మీదికి వెళ్ళబోతే అక్క చెయ్యెత్తి ఆపింది.

"తీసుకో బాబూ. దాని కింద ఏం రాస్తావో అది మాత్రం నాకు చదివి వినిపించు."

అతను నసిగాడు. "ఆలస్యంగా వచ్చిన పేషెంటు అని రాస్తామమ్మా. అందరికీ అట్లాగే రాస్తాం."

"రోజూ ఆరింటికల్లా నేనిక్కడే నిలబడతన్నా గదయ్యా. నీ బండి పెట్టావే, ఆ చోటే. నువ్వు పదింటికొస్తన్నావు. మరి ఆలస్యంగా వచ్చిందెవరు?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత గుంటూరు పెద్దాసుపత్రికి పంపడానికి చీటీ కావాలంటే యాప్ తీసుకోలేదు. మూడుసార్లు నిరాకరించినవాళ్ళ పేరు మళ్ళీ తెరవాలంటే పైనుంచి అనుమతి రావాలట. సుజాత గారు ట్యాబ్ పక్కకు నెట్టి, తెల్లకాగితం మీద తన చేత్తో రాసి సంతకం పెట్టారు. ఆ కాగితంతోనే హైవే మీద బస్సెక్కి నాలుగింటికి గుంటూరు చేరాం. మస్తాను మార్టూరు దాకా దింపి, ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు చూస్తూనే, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు? మూడు వారాల ముందొస్తే మందులతో, కట్టుతో పోయేది" అంది. శనివారం రెండు వేళ్ళు తీసేశారు. పాదం నిలబడింది. ఈ కోతలకు మాత్రం అక్క చేలో దిగకూడదు. ఎన్ని సాళ్ళని ఎవరు పంచుకుంటారు?

నా కోపం ఆ కుర్రాడి ఒక్కడి మీదే కాదు. అంత మంచి బండి, మందులు, చదువుకున్న పిల్లలు ఉండి కూడా నాలుగు గంటల తేడాతో ఒక మనిషి కాలివేళ్ళు పోయాయి. నాలుగు గంటలు ముందు రావడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు, ఆటో నడిపే మనిషిని అడిగితే చాలు. అడగరు. అడగకుండానే తీర్పు చెప్పేస్తారు. నేను చేసిందీ అదే. బుద్ధుందా అని ఫోనులో తిట్టినప్పుడు అక్క పేరు ఎదురుగా నేను కూడా "నిరాకరించారు" అనే రాశాను. ఆ సిగ్గు నన్ను వదలడం లేదు. పోయిన గురువారం సుజాత గారు సొంత ఖర్చుతో ముందురోజే ఊరికొచ్చి, ఆరింటికి ఆటోల దగ్గర నిలబడి, దొరికినంత మందికి షుగరు చూశారట. అనుమతి లేని వేళలో పరికరాలు వాడినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. వ్యాను ఎప్పటిలాగే పదింటికి వచ్చింది.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకు, ముఖ్యంగా సర్వేలకూ శిబిరాలకూ వెళ్ళే విద్యార్థులకు ఒక్కటే సలహా. కోతల రోజుల్లో ముందురాత్రే మార్టూరు చేరుకోండి, తెల్లవారి మొదటి ఆటోకు ఆరింటికల్లా ఊళ్ళో ఉండండి. అది మీవల్ల కాకపోతే ఇంట్లోనే ఉండండి. అంతేగానీ, తాళం వేసిన తలుపు ముందు నిలబడి, ఆ ఇంటావిడకు తన ప్రాణం అక్కర్లేదని రాసుకుని రాకండి.