ఫైర్ అంటే కాల్చుడు

ఒక తెల్లదొరనూ, కన్నతండ్రినీ ఒకే పొద్దున చంపబోయాను నేను. నా చేతిలో కత్తి లేదు, తుపాకీ లేదు. సుద్దముక్క ఉంది. అది చాలదని మీరనుకుంటున్నారంటే, మీరెప్పుడూ అరబ్బు సిపాయిలకు ఇంగ్లీషు చెప్పలేదన్నమాట.

అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తోంది. మాది మేడ్చల్. మా నాయిన మిషను బంగళాలో వంటవాడు. నేను సికింద్రాబాదులో మెట్రిక్ దాకా చదివి, పాసయ్యానన్న గర్వం నెత్తికెక్కి ఊరికి తిరిగొచ్చాను. ఇంగ్లీషులో నాకు తెలియని మాట లేదని నా నమ్మకం. తెలియనివి ఎన్నున్నాయో తెలియాలన్నా కొంత ఇంగ్లీషు రావాలి కదా! ఆ కొంతా నాకు లేదు. స్టేషను ముందు నిలబడి పాత ఇంగ్లీషు పేపరు పైకి చదివితే జనం చుట్టూ మూగి పాట విన్నట్టు వినేవాళ్లు. ఒక్కడూ అర్థం అడిగేవాడు కాదు. నేను చెడిపోయింది అక్కడే.

నిజాం సర్కారు కొలువులో అరబ్బు సిపాయిలు తాతల కాలం నుంచీ ఉండేవారు. మన జనం వాళ్లను చావూషులనేవాళ్లు. గోరింటాకు పెట్టిన ఎర్రని గడ్డాలు, నడుముకు వంకర బాకులు, భుజాన పొడుగాటి తుపాకులు. చూడగానే ఏ పాపం చేయనివాడికి కూడా ఏదో చేసి ఉంటానని అనుమానం వచ్చేది. వాళ్ల పల్టన్ ఒకటి షామీర్‌పేట చెరువు పక్కన గుడారాలు వేసుకుని ఉండేది. దాని పెద్ద జమాదార్ సాలెం. ఆయన షామీర్‌పేటలోనే ముసలివాడయ్యాడు కాబట్టి తెలుగు మనలాగే మాట్లాడేవాడు.

ఒకనాడు ఆ జమాదారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నీ కొడుక్కు అంగ్రేజీ వస్తదంటగా?" అని నాయినను అడిగాడు.

"వచ్చుడేంది సాబ్, ఆపితే ఆగుతలేదు" అన్నాడు నాయిన. అది మెచ్చుకోలని అప్పుడు అనుకున్నాను.

జమాదారు నా వైపు తిరిగాడు. "బొల్లారం నుంచి గోరా అఫ్సర్ వస్తాండు, మాస్టర్. మా పల్టన్‌ను జూస్తడు. అంగ్రేజీల హుకుం ఇస్తడు. మావోళ్లకు సమజైతే మమ్మల్ని పహారా పనికి తీస్కుంటరు. కాకుంటే తుపాకులు గుంజుకొని ఇంటికి వొమ్మంటరు. గీ ఉమర్‌ల నేను యాడికి వోవాలె?"

పెద్దాయన గొంతు వణికింది. నా గొంతు మాత్రం వణకలేదు. "ఒక్క నెల ఇయ్యుండ్రి జమాదార్ సాబ్. మీవోళ్లు దొరతోని ముచ్చట వెట్టేటట్టు జేస్త" అన్నాను.

మర్నాటి నుంచి గుడారంలో బడి మొదలైంది. నా శిష్యులంతా నాకు తండ్రి వయసువాళ్లు. ముబారక్ అని ఒకడుండేవాడు, అతను కూర్చుంటే నా నిలువెత్తు. వాళ్ల నోట 'ప' పలకదు, 'బ' అవుతుంది. "ప్లీజ్" అనమంటే పల్టన్ పల్టనంతా "బ్లీజ్!" అని గర్జించేది. మంచినీళ్లు అడగడం నేర్పాను. "వాటర్" అని నేననగానే ముబారక్ ఇత్తడి గ్లాసులో నీళ్లు తెచ్చి, వంగి, "బ్లీజ్" అనేవాడు. ఇంత బాగా చెప్పే మాస్టరు లండన్‌లో కూడా ఉండడని నాకు నేనే నమస్కారం పెట్టుకున్నాను.

ఒకరోజు జమాదారు బొల్లారం పోయి, దొర ఇవ్వబోయే హుకుములు ఎవరి నోటనో విని వచ్చాడు. "రెడీ అంటడంట. ఎయిమ్ అంటడంట. ఫైర్ అంటడంట. గివేంది మాస్టర్?"

'రెడీ' అంటే తయారన్నాను. దానికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను.

'ఎయిమ్' దగ్గర ఇంకా ధీమాగా ఉన్నాను. బడిలో 'నా జీవితంలో ఎయిమ్' అని వ్యాసం రాసి మెప్పు పొందినవాణ్ణి. "ఎయిమ్ అంటే బతుకుల ఏం గావాలె అని మన కోరిక" అని చెప్పాను.

జమాదారు గడ్డం నిమురుకున్నాడు. "పల్టన్ల గదెందుకు అడుగుతరు?"

"తెల్లోళ్ల ఫౌజంటే అంతే సాబ్. సిపాయి మనసుల ఏమున్నదో అడిగినంకనే పని జెప్తరు."

జమాదారు కళ్లు చెమ్మగిల్లాయి. "మా జిందగీల మమ్మల్ని గీ మాట ఎవ్వలూ అడగలే, మాస్టర్" అన్నాడు. ఆ కళ్లు చూసైనా నేను ఆగాల్సింది. ఆగలేదు.

"మరి ఫైర్?"

"ఫైర్ అంటే నిప్పు. అంటే కాల్చుడు."

ఇక్కడ మీకొక మాట మనవి చేసుకోవాలి. మన తెలుగులో 'కాల్చడం' అనే మాట ఉంది చూశారూ, దానికి ముందూ వెనకా లేదు. మక్కకంకిని కాలుస్తాం, బీడీని కాలుస్తాం, మనిషినీ కాలుస్తాం. "ఏం కాల్చుడు?" అని జమాదారు అడిగిన క్షణాన నా చేతిలో మక్కకంకి ఉంటే కథ ఎట్లా నడిచేదో. బీడీ ఉంది.

"గిదే" అన్నాను, బీడీ పైకెత్తి. "దొరలకు చుట్టలు తాగే అలవాటు. నోట్ల వెట్టుకొని ఫైర్ అంటడు. ఎవడు ముందుగాల ఉరికి ముట్టిస్తే వాడు తేజ్ సిపాయి."

"ఎయిమ్!" అనగానే ఎవరి కోరిక వాళ్లు ఇంగ్లీషులో చెప్పేటట్టు తయారుచేశాను. ఇక చూడండి, ఆ నెలలో నా బీడీ నేను ముట్టించుకున్న పాపాన పోలేదు. "ఫైర్!" అనగానే అన్ని చేతుల్లో అగ్గిపుల్లలు వెలిగేవి. మొదట్లో ఒకటి రెండుసార్లు నా కనుబొమ్మలు కమిలాయి. పాఠం బాగా ఎక్కుతోందని సంతోషించాను.

దొర వచ్చే రోజు రానే వచ్చింది. దొరకు దొరల వంటే పెట్టాలని జమాదారు మా నాయినను పిలిపించాడు. మైదానం చివర, గురి కోసం నిలబెట్టిన గడ్డిబొమ్మకు కాస్త పక్కగా పొయ్యి పెట్టి, నాయిన మాంసం దేగిశ ఎక్కించాడు. పొద్దెక్కేసరికి మోటారు వచ్చింది. దొర దిగాడు. ఎర్రటి ముఖం, మైనం రాసి మెలిపెట్టిన మీసం, నోట్లో ఇంకా ముట్టించని చుట్ట. చుట్ట చూసి పల్టనంతా నా వైపు మెచ్చుకోలుగా చూసింది. మాస్టరు చెప్పింది అక్షరాలా నిజమే కదా!

"గుడ్ మార్నింగ్ సర్!" అన్న గర్జనకు దొర మురిసిపోయాడు. పల్టన్ వరస కట్టింది. నా ఛాతీ చొక్కాలో పట్టడం లేదు.

"రెడీ!" అన్నాడు దొర.

తుపాకులు లేచాయి.

"ఎయిమ్!"

"హజ్!" అని అరిచాడు మొదటివాడు. "హార్స్!" అన్నాడు పక్కవాడు. "న్యూ హౌస్!" అన్నాడు మూడోవాడు. ముబారక్ అందరికన్నా గట్టిగా "జమాదార్!" అన్నాడు. జమాదారు మెల్లగా వెనక్కి తిరిగి అతన్ని తేరిపార చూశాడు.

దొర బిత్తరపోయాడు. తన చెవులను తాను నమ్మలేక తల విదిలించుకుని, ముఖం ఇంకా ఎర్రబరుచుకుని, చుట్ట పళ్లమధ్య బిగించి అరిచాడు: "ఫైర్!"

తుపాకులన్నీ కిందపడ్డాయి. అగ్గిపెట్టెలు బయటికొచ్చాయి. అంతే, పల్టన్ పల్టనంతా దొర మీదికి ఉరికింది.

ఒక్కసారి మీరు ఆ దొర చోట నిలబడి చూడండి. ఎర్ర గడ్డాలు, వంకర బాకులు, మండుతున్న పుల్లలు, నోళ్లలో "బ్లీజ్! బ్లీజ్!" అన్న అరుపులు. దొర వెనక్కి వెనక్కి నడిచి మోటారుకు తగిలి దాని మీద వెల్లకిలా పడ్డాడు. అందరికన్నా ముందు చేరింది ముబారక్. చుట్ట ముట్టించాడు. చుట్టతోపాటు మీసం ఒక పక్క అంటుకుంది. దాన్ని అరచేత్తో ఆర్పి, "బ్లీజ్ సర్" అని వంగి సలాం చేశాడు.

తుపాకులు పట్టుకున్న మనుషులకు నెలరోజులు పాఠం చెప్పి, నేను తుపాకీని మరిచిపోయానని అప్పుడు తెలిసింది.

"బీడీ గాదు! చుట్ట గాదు!" అని అరుస్తూ ఉరికాను. "తుపాకి! ఫైర్ అంటే తుపాకి కాల్చుడు!"

"గిది ముందుగాల సెప్పొద్దా మాస్టర్!" అని జమాదారు గద్దించి, ఆ మాటే అరబ్బీలో వాళ్లకు చెప్పాడు. పాపం, ఎంత వినయం గలవాళ్లో! అందరూ వెనక్కి వెళ్లి తుపాకులు ఎత్తుకుని, కొత్త అర్థాన్ని మనసులో పెట్టుకుని నిలబడ్డారు.

ఈలోగా ఎవరో విసిరిన అగ్గిపుల్ల ఎండుగడ్డిలో పడింది. మంట పాక్కుంటూ పోయి గడ్డిబొమ్మను అందుకుంది. మోటారు మీంచి లేచిన దొర అది చూశాడు. చెయ్యి చాపి, ప్రాణం పోతున్నట్టు కేక పెట్టాడు.

"ఫైర్! ఫైర్!"

అన్ని తుపాకులూ ఒక్కసారే పేలాయి. షామీర్‌పేటలో పేలితే మేడ్చల్‌లో కాకులు లేచాయని తర్వాత విన్నాను. గడ్డిబొమ్మ పొగలో కలిసిపోయింది. పొగ వెనక ఠంగుమని దేగిశ మోగింది.

పొగలోంచి మా నాయిన లేచి నిలబడ్డాడు. తల నుంచి ఛాతీ దాకా ఎర్రగా కారుతోంది.

"నాయినా!" అన్నాను. ఏడుపు అందుకున్నాను. దొర టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. జమాదారు పెదవులు కదుపుతూ ఆకాశం వైపు చూశాడు.

నాయిన కళ్లు తుడుచుకుని, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. "ఏడ్వకురా, నేను సావలే. షోర్వ గిది. దేగిశకు తూటు వడ్డది." మళ్లీ చప్పరించి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఏడుస్తూనే చూస్తే, మంట గుడారాల వైపు మళ్లుతోంది. "వాటర్! వాటర్!" అని గొంతు చించుకున్నాను. ముబారక్ పరుగున పోయి ఇత్తడి గ్లాసులో నీళ్లు తెచ్చి నాకిచ్చాడు. "బ్లీజ్." ఆ దిగ్భ్రమలో నేను గటగటా తాగేశాను కూడా.

అప్పుడు జమాదారు అరబ్బీలో ఒకే ఒక్క కేక వేశాడు. చెరువు గట్టు నుంచి గుడారాల దాకా సిపాయిలు బారు తీరారు. బకెట్లు చేయీ చేయీ మారాయి. మంట చూస్తుండగానే చల్లారింది.

దొర నా దగ్గరికి వచ్చాడు. మీసం ఒక పక్కే మిగిలింది. ఇదంతా ఏమిటో జమాదారును అడగమన్నాడు. అడిగాను.

జమాదారు నిటారుగా నిలబడ్డాడు. "దొరకు జెప్పు మాస్టర్. మావోళ్లు ఏం జెప్పితే గదే జేసిండ్రు. ఒక్క మాటకు ఇన్ని మతలబులు వెట్టుకున్నది వాళ్ల జబాన్. తప్పు మాది గాదు, అంగ్రేజీది."

"జమాదార్ సాబ్! గది దొర మొఖం మీద నేనెట్ల జెప్పాలె?"

"మాస్టర్‌వి నువ్వే గదా. చెప్పు."

పల్టనంతా నా నోటి వైపే చూస్తోంది. వాళ్ల తుపాకులు ఉంటాయో పోతాయో ఆ ఒక్క ముక్కలో ఉంది. మీ భాషదే తప్పంటున్నాడు సర్ అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను.

దొర నన్ను చూశాడు. కాలిన మీసం తడుముకున్నాడు. అంతలో పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి మోటారు మెట్టు మీద కూలబడ్డాడు. లేచాక రెండు మాటలు చెప్పాడు. పల్టన్‌ను పహారాకు తీసుకుంటున్నాను, మంట ఆర్పిన తీరు చూశాను, వీళ్ల హుకుములు వీళ్ల భాషలోనే ఉండనీ. రెండోది, ఈ మాస్టరు వీళ్లకు ఇంగ్లీషు చెప్పడం మానేసి, వీళ్ల దగ్గర అరబ్బీ నేర్చుకోనీ.

జమాదారు నన్ను ఎముకలు విరిగేలా కావలించుకున్నాడు.

మర్నాడు అదే గుడారంలో నేను చాప మీద కూర్చున్నాను. ముబారక్ మాస్టరయ్యాడు. పాఠానికి ముందు హుక్కా సర్దుకుని, నా వైపు చెయ్యి ఊపి, "నార్! నార్!" అన్నాడు.

ఇంత తేలికా అరబ్బీ, అనుకున్నాను. షామీర్‌పేట బజారుకు ఉరికి, మోయగలిగినంత గోగునార కట్ట నెత్తిన పెట్టుకుని రొప్పుతూ వచ్చి ముబారక్ ముందు దించాను. అతను నారను చూశాడు, హుక్కాను చూశాడు, నన్ను చూశాడు.

జమాదారు నవ్వు ఆపుకోలేక గడ్డం తడిసేలా కన్నీళ్లు కార్చాడు. "మాస్టర్, మా జబాన్‌ల నార్ అంటే నిప్పు."

ఆ నార కట్ట మీదే చెయ్యి వేసి, పల్టనంతా సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నాకు తెలియని మాటకు అర్థం చెప్పను. తెలిసిన మాటైతే అసలే చెప్పను.