అమ్మ కళ్ళు నేను తుడవలేదు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా తప్పేమో. బరువైతే ఎక్కడో ఒకచోట దించి ఊపిరి పీల్చుకుంటాం. ఇది భయం. రేషన్ షాపులో మెషిన్ మీద బొటనవేలు పెట్టమన్నప్పుడల్లా ఆ వేలిని గుప్పిట్లో దాచుకుంటాను. ఎందుకో మా ఇంట్లోవాళ్ళకు తెలీదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను.

అప్పట్లో నేను మదనపల్లెలో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. విదేశంలోని ఒక మ్యూజియం నుంచి ఒక మేడమ్ వచ్చింది. మన జాతరల్లో వాడే వస్తువులు ఏరి పట్టుకుపోవడం ఆమె పని. ఊళ్ళు చూపించి, మాటలు తర్జుమా చెయ్యడం నా పని. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో గంగమ్మ జాతరకు పచ్చిమట్టితో అమ్మ తల చేస్తారు. చేసేది కుమ్మరి మునెప్ప. తాతల నాటి నుంచి ఆ హక్కు వాళ్ళ ఇంటిదే. జాతర మొదటిరోజు అతను కళ్ళు దిద్దుతాడు. ఇక అది మట్టి కాదు, అమ్మ. జాతర ముగిసిన మర్నాడు తలను పొలిమేర దాటించి, పసుపునీళ్ళతో కళ్ళు తుడిచేసి, కుంటలో కలిపేస్తాడు. ఆ తుడవడం ఊళ్ళోవాళ్ళెవరూ చూడకూడదు. చేసిన చెయ్యి ఒక్కటే ఉండాలి.

ఆ తల మీద మేడమ్ మనసు పడింది. మునెప్ప సంబరపడి, అలాంటిదే కొత్తది, కళ్ళు దిద్దనిది చేసిస్తానన్నాడు. ఆమె వద్దంది. అడిగినందుకు చేసిచ్చినవి మ్యూజియంలో పెట్టరట. పూజలో వాడినదే కావాలట. అంటే, ఇవ్వకూడనిదైతేనే వాళ్ళ లెక్కలో అసలైనది. ఈ సంగతి నాకు ఆరోజే అర్థమైంది. అర్థమై కూడా, చూద్దాంలే మేడమ్ అన్నాను. ఎందుకన్నాను? డబ్బు కోసం కాదు. వాళ్ళు అచ్చువేసే పుస్తకంలో నా పేరు వేయిస్తానంది. తోటి లెక్చరర్లు నోళ్ళు వెళ్ళబెడతారని లోలోపల పొంగిపోయాను. అంతే. అంత చిన్న ఆశ.

జాతర ముగిసిన మర్నాడు పొద్దున్నే మునెప్పకు కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కాపురముంటున్న కూతురికి రెండో కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఒక చేత్తో అమ్మ తల ఉన్న గంప, ఇంకో చేత్తో పసుపునీళ్ళ చెంబు పట్టుకుని పొలిమేర దగ్గర, అక్కడిదాకా వెంట వెళ్ళిన నా ముందు నిలబడిపోయాడు. కుప్పం పోవాలంటే ఎక్కాల్సిన పలమనేరు బస్సు వచ్చే వేళైంది.

“సారూ, నేను పోవాల. అమ్మను యాడ పెట్టేది? ఊరోళ్ళు సూడకూడదు, మీరైతే బయటోళ్ళు.”

“నువ్వు పోప్పా. నేను చూసుకుంటాను.”

“ముందు కండ్లు తుడ్సండి. ఆపైన నీళ్ళల్లో ఇడ్సండి. కండ్లు తెర్సుకోని ఉంటే అమ్మ తన దావన తాను పోదు, ఈడే తిరగలాడతాది. మర్సిపోవద్దు సారూ.”

“తుడుస్తాలే మునెప్పా.”

పరుగెత్తాడు. నేను చెంబులో నీళ్ళు నేలమీద పారబోశాను. దూరంగా ఆగిన మేడమ్ జీపు వైపు చెయ్యి ఊపాను. దూది చుడుతున్నంతసేపూ ఆ కళ్ళు నన్నే చూశాయి. దూది కప్పాకా చూస్తున్నట్టే ఉంది.

ఇష్టపడి ఇచ్చారని కాగితం లేకపోతే మ్యూజియం తీసుకోదు. మునెప్పకు సంతకం రాదు. కాగితం నేనే రాశాను. కింద నా ఎడమ బొటనవేలు సిరాలో ముంచి నొక్కాను.

రెండేళ్ళకు ఆ ఊరి కుర్రవాళ్ళెవరో ఫోన్‌లో ఫొటో చూశారు. అద్దాలపెట్టెలో, కింద నుంచి లైటు వేసి, ఏ దేశాలవో ముసుగుల వరసలో మన అమ్మ. కింద ‘ముసుగు, మట్టి, దక్షిణ భారతం’ అని చీటీ. ఎవరూ ముఖానికి తొడుక్కోని దాన్ని ముసుగంటే ఎలా? ఊరి పేరు లేదు, మునెప్ప పేరు లేదు. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. ఊరంతా మునెప్ప మీద పడింది. సార్ చేతికిచ్చినానని చెప్పాడు. నన్ను పిలిపించారు.

“నా చేతికి ఇవ్వలేదు” అన్నాను.

నా గొంతు నాకే వినిపించింది, చాలా మర్యాదగా. మునెప్ప నావైపు చూశాడు. తిడతాడనుకున్నాను. “సార్ మర్సిపోయుంటాడులేప్పా” అన్నాడు వాళ్ళతో. నన్ను కాపాడాడో, చంపాడో ఇప్పటికీ తేల్చుకోలేను. అమ్మను అమ్ముకున్నాడని ఆ హక్కు తీసేశారు. ఇప్పుడు వెంకటగిరికోట నుంచి ఇంకొకరు వచ్చి తల చేస్తారు. మునెప్ప పూలకుండీలు చేస్తున్నాడు.

ఆరోజు కుప్పంలో పుట్టిన పాపను, మునెప్ప మనవరాలిని, ఒక పెళ్ళిలో చూశాను. కళ్ళజోడు పెట్టుకుంది. ఈ కాలంలో పిల్లల్లో సగం మందికి అద్దాలే కదా, చరిత్ర చదివినవాడివి, ఏమిటీ పిచ్చి, అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. నిజంగా నేను భయపడేది అమ్మకా, మునెప్పకా, దొరికిపోతానన్న దానికా? ఏ ఒక్కటీ కాదనలేను.

పోయిన నెల మ్యూజియం నుంచి మెయిల్ వచ్చింది. తమ దగ్గరున్న వస్తువులు నిజంగా ఇష్టపడి ఇచ్చినవేనా అని తిరిగి విచారిస్తున్నారట. ఈ వేలిముద్ర వేసిన మనిషిని కలవాలి, సాయం చేస్తారా అని అడిగారు. కాగితం ఫొటో కూడా పంపారు. స్క్రీన్ నిండా నా బొటనవేలు. గీత గీతా కనిపిస్తోంది.

ఇవాళ జవాబు రాశాను. ‘ఆ వేలిముద్ర నాది. అతను ఇవ్వలేదు, నేను ఎత్తుకొచ్చాను.’ పంపేశాను. ఉద్యోగంలో సంపాదించుకున్న పేరు పోతుంది. పోనీ. వాళ్ళు అమ్మను వెనక్కి పంపుతారో లేదో తెలీదు. పంపినా మునెప్పకు పోయిన పదేళ్ళ జాతరలు తిరిగిరావు.

రేపు పుంగనూరు బస్సెక్కాలి. మెయిల్ పంపినంత సులువు కాదది. నిన్న బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. అందుకే ఇప్పుడు తలుపు వేసుకుని, అతని ముందు అనాల్సిన మాట పైకి అని చూసుకున్నాను. మూడుసార్లు నోరు పెగల్లేదు. నాలుగోసారి వచ్చింది.

“తుడవలేదు మునెప్పా.”